కోపం మానేస్తే మోచెయ్యి తగ్గుతుందట!

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి ప్రత్యేకంగా కారణమంటూ అక్కర్లేదు, ఢిల్లీ చుట్టుపక్కల ఉంటే చాలు. పాలవాడు నీళ్లపాలు పోస్తే కోపం, అవి కూడా పోయకుండా ఎగ్గొడితే ఇంకా కోపం. చలికాలంలో చలి మీద, ఎండాకాలంలో కరెంటు మీద, మధ్యలో ఆ రెండూ లేని పది రోజులూ దుమ్ము మీద. ఇప్పుడెవరైనా నన్ను "మీరెంత నిదానస్తులండీ" అంటే, నా వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూస్తాను. ఇరవై నాలుగేళ్ల వయసులో మా పిన్ని నన్ను "టపాకాయ" అని పిలిచేది. (ముద్దుకి కాదు. నేను పక్కనుంటే స్టవ్వు వెలిగించడానికి భయమేసేదిట.) ఆ టపాకాయకి ఒక చైనా వైద్యం చేశారు. కోపానికి కాదు, మోచేతికి. కానీ ఆ డాక్టరమ్మ లెక్కలో రెండూ ఒకటే, అదే నాకు అన్నిటికంటే ఒళ్లు మండించిన సంగతి.

అప్పటికింకా మెట్రో మేముండే వైశాలి దాకా రాలేదు. మా బాబాయి కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. కోపమనే పదార్థం ఆయన ఒంట్లో పుట్టలేదు. పిన్ని కోప్పడితే "పరిశీలిద్దాం" అనేవాడు, నేను కోప్పడితే "నోట్ చేసుకున్నాను" అనేవాడు. తెనాలి నుంచి ఉద్యోగానికని వచ్చిన నేను వాళ్ల మూడో అంతస్తు ఫ్లాటులో చేరాను. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఆఫీసు, నా పని టెస్టింగు, అంటే వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకుని కంప్యూటర్లో ఎక్కించడం. ఎదుటివాళ్ల తప్పులు వెతకడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి పనితో పేచీ లేదు. పేచీ అంతా పిలుపుతోనే. మా మేనేజరుకి నేను చేరి ఏడాది దాటినా నా పేరు నోటికి పట్టలేదు. "అరే, ఉస్ మద్రాసీ కో బులావో" అనేవాడు. నేను మద్రాసు చూసిందే లేదు. మొదట్లో ఒకసారి "సర్, మాది ఆంధ్రా" అన్నాను. "హా హా, వహీ, ఇడ్లీ సాంబార్!" అని పెద్దగా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. వాళ్లతోపాటు నేను కూడా పళ్లన్నీ కనబడేలా నవ్వాను. ఆయన నవ్వినందుకు కాదు, నేను నవ్వినందుకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నోట్లోంచి బయటికి రాని కోపం ఎక్కడికో అక్కడికి పోవాలి కదా. నాకది కుడిచేతిలోకి పోయేది. ఇంట్లోనూ ఊళ్లోనూ నోరున్న పిల్లనే గానీ, ఆఫీసులో అడుగుపెడితే ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో నోటికి తాళం పడేది. ఇక సొరుగు లాగితే ఊడి చేతికొచ్చేది, ఫోను పెడితే పక్క సీటువాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. అన్నిటికంటే పాపం ఆఫీసు వ్యాను తలుపు. పొద్దున మా పికప్పే ఆఖరిది, కాబట్టి తలుపు మూసే భాగ్యం రోజూ నాదే. బలంగా పక్కకి జరిపితే గాని కదలని మొండి తలుపు అది. ఎదురుగా మేనేజరు నిలబడ్డాడనుకుని ఒక్క ఊపున లాగి కొట్టేదాన్ని. డ్రైవరు భయ్యా తల పట్టుకుని "దీదీ, దర్వాజా హై, దుష్మన్ నహీ!" అని మొత్తుకునేవాడు.

ఇంత కోపానికీ ఏడాదికొక్కసారి గౌరవం దక్కే రోజు ఒకటుండేది. మే నెలాఖర్లో బాబాయి గాజీపూర్ కూరగాయల మండీకి వెళ్లి ఆవకాయ కాయలు బస్తాల్లో తెచ్చేవాడు. మా అపార్ట్‌మెంట్ల సొసైటీలో ఉన్న తెలుగువాళ్లంతా ఒకే రోజు, కింద పార్కింగులో దుప్పట్లు పరుచుకుని, ఒకే కత్తి మీద కాయలు కొట్టుకునేవాళ్లు. కత్తి మా పిన్నిది, తెనాలి నుంచి రైల్లో పాత చీరలో చుట్టుకుని తెచ్చుకుంది. అంతకు ముందు కాయలు కొట్టేది బాబాయే. ఆయన ఫైలు కదిపినట్టు కొట్టేవాడు. కాయని అటు తిప్పి, ఇటు తిప్పి, పిన్ని కళ్లలోకి చూసి, ఆవిడ తలూపాక కత్తి దించేవాడు. అప్పటికి టెంక ఒక పక్కకీ కండ ఒక పక్కకీ పోయేవి. టెంక పట్టుకుని లేని ముక్క నెల తిరక్కుండా జావైపోతుందని తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు కదా. నేనొచ్చిన మొదటి వేసవిలో ఈ తంతు చూడలేక "నువ్వు తప్పుకో బాబాయ్" అని కత్తి లాక్కున్నాను. ఒకటే దెబ్బ! కాయ రెండు చెక్కలు, రెంటికీ టెంక అంటుకునే ఉంది, మధ్యలో జీడి నున్నగా కనిపిస్తోంది. ఒక కాయ మేనేజరు, ఒక కాయ పాలవాడు, ఒక కాయ ఇడ్లీ సాంబారని నవ్విన పక్క సీటు పిల్ల. బస్తా ఎప్పుడైపోయిందో తెలియలేదు. పై అంతస్తు మామ్మగారు నా మణికట్టు పట్టుకుని "ఏం చెయ్యే తల్లీ ఇది! బంగారంలాంటి చెయ్యి!" అని కళ్లకద్దుకున్నంత పని చేసింది. ఆ రోజు నుంచి సొసైటీలో నేను "కాయలు కొట్టే అమ్మాయి"ని. నవ్వకండి. అంత పెద్ద ఊళ్లో నేనంటూ ఒకదాన్ని ఉన్నానని ఎవరైనా గుర్తించింది ఆ ఒక్క విషయంలోనే. సి బ్లాకులో ఉండే బ్యాంకు అంకుల్‌కి మాత్రం అది గిట్టలేదు. "ఆడపిల్లవి, నీకెందుకమ్మా కత్తీ కటారూ? వచ్చే ఏడు నేను కొడతాలే" అన్నాడు. "చూద్దాం అంకుల్" అన్నాను పళ్లు నూరుకుంటూ.

ఆ చలికాలంలోనే మోచెయ్యి మొదలుపెట్టింది. ముందు సలుపు, తర్వాత పోటు, ఆ తర్వాత దోసె పెనం ఎత్తబోతే చేతిలోంచి జారి పిన్ని కాలి పక్కన పడింది. జడ వేసుకోలేను, కుళాయి తిప్పలేను. ఎముకల డాక్టరు చెయ్యి నొక్కి చూసి "టెన్నిస్ ఎల్బో" అన్నాడు. "నేను జన్మలో టెన్నిస్ బ్యాటు ముట్టుకోలేదు!" అని గయ్యిమన్నాను. "ఆడేవాళ్ల కంటే ఆడనివాళ్లకే ఎక్కువ వస్తుంది" అని నవ్వి ఒక ఇంజెక్షన్ పొడిచాడు. కొన్నాళ్లు నెమ్మదించి మళ్లీ మొదటికొచ్చింది. కరెంటు పెట్టించుకున్నాను, మోచేతికి పట్టీ కట్టుకున్నాను. ఊరంతా వైద్యులే. పక్కింటి ఆంటీ పసుపు పాలన్నది, పిన్ని ఆవపిండి కట్టు వేసి చర్మం బొబ్బలెక్కించింది, కనబడ్డ ప్రతివాడూ "అచ్ఛా, టెన్నిస్ ఆడతావా?" అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా బ్యాంకు అంకుల్ ఒకరోజు మెట్ల మీద ఎదురై, నా పట్టీ వంక ఎంతో జాలిగా చూసి, "తొందరేం లేదమ్మా, మెల్లిగా తగ్గనీ. ఆవకాయ సంగతి నేను చూసుకుంటాగా" అన్నాడు. అప్పుడే కొత్త కత్తి కూడా ఊర్నుంచి తెప్పించాడట! మే నెలకల్లా ఈ చెయ్యి బాగుపడకపోతే నా పేరు మార్చుకుంటానని ఆ మెట్ల మీదే ఒట్టు పెట్టుకున్నాను. (ఆఫీసులో ఎలాగూ మార్చేశారు కాబట్టి ఆ ఒట్టుకి పెద్ద విలువ లేదనుకోండి.)

చైనా వైద్యం మా ఇంట్లోకి ప్రభుత్వ మార్గంలో వచ్చింది. బాబాయి పై అధికారికి పాత మెడనొప్పి ఒకటుండేది, అది ఢిల్లీకి అవతలి కొసనున్న సాకేత్‌లో ఒక డాక్టరమ్మ సూదులతో తగ్గిందట. బాబాయి మాటవరసకి నా మోచేతి సంగతి చెప్పడం, ఆయన "రేపే పంపించండి" అనడం, అయిపోయింది. పైనుంచి వచ్చాక అది సలహా కాదు, ఆర్డరు. "వద్దు బాబాయ్, సూదులంటే నాకు భయం" అన్నాను. "అమ్మా, ఆయన రోజూ ప్రోగ్రెస్ అడుగుతారు. నేనేం చెప్పను?" అన్నాడు దీనంగా. ఆ తర్వాత చికిత్స జరిగినన్నాళ్లూ నా మోచెయ్యి మంత్రిత్వశాఖలో పెండింగు విషయమైపోయింది.

వైశాలి నుంచి సాకేత్ అంటే రెండు బస్సులు, ఒక ఆటో. మొదటి బస్సులో కాలు తొక్కారు, రెండో బస్సు ఆపకుండా పోయింది, ఆటోవాడు మీటరు పాడైందన్నాడు. బాబాయి అన్నిటికీ "పోనీలేమ్మా" అంటుంటే నా కోపం నషాళానికంటింది. ఆ మంట మీదే డాక్టరమ్మ ముందు కూర్చున్నాను. ఆవిడ పంజాబీ మనిషి, చైనాలో కొన్నేళ్లు ఉండి నేర్చుకొచ్చిందట. తెల్లటి పొట్టి జుట్టు, పసిపిల్లని నిద్రపుచ్చే గొంతు. గోడ మీద ఒక మనిషి బొమ్మ, ఒంటినిండా గీతలూ చుక్కలూ. మూలన టేప్‌రికార్డర్లో నీళ్లు పారుతున్న చప్పుడు. (అది వింటే మనశ్శాంతి కలుగుతుందట. నాకు బాత్రూం ఎక్కడుందో అడగాలనిపించింది.) ఆవిడ నా మోచేతి వైపు కన్నెత్తి చూడకుండా, రెండు మణికట్ల మీదా వేళ్లు పెట్టి కళ్లు మూసుకుంది. తర్వాత నాలుక చాపమంది. ఆ తర్వాత, నాకు కోపం ఎక్కువా అని మెత్తగా అడిగింది.

"బేటా, గుస్సా బహుత్ ఆతా హై?"

"లేదు!" అని అరిచాను. టేప్‌రికార్డర్లో నీళ్లు కూడా ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. బాబాయి కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టాడు.

డాక్టరమ్మ ఏమాత్రం తొణక్కుండా చెప్పుకొచ్చింది. చైనా వైద్యం ప్రకారం ఒంట్లో నరాలూ కండరాల మొదళ్లూ అన్నీ కాలేయం చెప్పుచేతల్లో ఉంటాయట. కోపం నిలవుండేది కూడా ఆ కాలేయంలోనేనట. కాబట్టి కోపం మానేస్తే తప్ప మోచెయ్యి తగ్గదట. నా నాడి బిగించిన తీగలా ఉందట. వినండి, నొప్పి మోచేతిలో, దోషం కాలేయంలో, సూది గుచ్చేది కాలి బొటనవేలి పక్కన! ఇదెక్కడి న్యాయం? నేను నోరు తెరిచేలోపే ఆవిడ రెండో బాంబు వేసింది. పులుపు కూడా తిన్నగా కాలేయానికే పోతుందట.

"తో ఖట్టా బంద్. ఇమ్లీ, నీంబూ, దహీ, అచార్, సబ్ బంద్."

జన్మలో ఎవరికీ ఎదురుచెప్పని బాబాయి కుర్చీలోంచి సగం లేచాడు. "మేడమ్," అన్నాడు గద్గద స్వరంతో, "వుయ్ ఆర్ ఫ్రమ్ ఆంధ్రా." ఆవిడ చిరునవ్వు నవ్వింది. "ఠీక్ హో జాయేగా" అంది. ఎవరికి ఠీక్ అవుతుందో చెప్పలేదు.

ఇంటికొచ్చి చెప్తే పిన్ని అగ్గిమీద గుగ్గిలమైంది. "పులుపు మానేసి మనుషులు ఏం తిని బతుకుతారే? గడ్డా?" అని కాసేపు వంటింట్లో గిన్నెలతో మాట్లాడి, తర్వాత తీరిగ్గా కూర్చుని తీర్పు చెప్పింది. గోంగూర ఆకుకూర, ఆకుకూరలు ఒంటికి మంచివి. టమాటా కూరగాయ. చారు జలుబుకి మందు, కాబట్టి వైద్యంలోకే వస్తుంది. పెరుగు తోడుకున్న రోజే తింటే తీపే. ఇక ఆవకాయ కారమే గాని పులుపు కాదు, కావాలంటే ఎవర్నైనా అడగండి. ఆ లెక్కన మా ఇంట్లో పులుపు పూర్తిగా మానేశాం. మరుసటి వారం సాకేత్‌లో నాలుక చాపగానే డాక్టరమ్మ "అచార్?" అంది. ఊరగాయ ముట్టలేదని అడ్డంగా తలూపాను. "ఔర్ కోయీ ఖట్టీ సబ్జీ, పత్తేవాలీ?" అంది. పుల్లటి ఆకుకూరేదైనా తిన్నావా అని! దొంగతనం దొరికినా ఇంత సిగ్గుండదు. గోంగూరని నాలుక మీద చదివిన మనిషిని అంతకు ముందూ చూళ్లేదు, ఆ తర్వాతా చూళ్లేదు. ఇంటికొచ్చి పిన్నితో చెప్తే, "అయితే నిజంగానే చదువుకున్నదేనే" అని భయపడి, ఆవకాయ జాడీ నా కంటబడకుండా అటక మీదికెక్కించింది. ఉగాది పచ్చడిలో నాకు వేపపువ్వూ బెల్లమే దక్కాయి. చప్పిడి పప్పు కలుపుకుని ఎదురుగా బాబాయి పులుసు జుర్రుతుంటే నాకొచ్చిన కోపానికి కాలేయం ఏమైపోయిందో దేవుడికెరుక.

దానికి తోడు కషాయం. పొట్లాల్లో ఏవో వేళ్లు, బెరళ్లు, ఇంకేవో ముడుచుకుపోయినవి (ఏమిటని అడిగే ధైర్యం లేక మూలికలే అనుకున్నాను). పొద్దున్నే వాటిని మరగబెడితే చీపురు తగలబెట్టినట్టు వాసన. పక్కింటి ఆంటీ తలుపు కొట్టి "కుఛ్ జల్ రహా హై క్యా?" అని, ఏం మాడిపోతోందోనన్న కంగారుతో అడిగింది. "మా అమ్మాయి కాలేయం" అంది పిన్ని తెలుగులో. ఆ నల్లటి కషాయం ముక్కు మూసుకుని తాగేదాన్ని, మింగలేక కక్కలేక.

సూదులు మాత్రం నిజం చెప్పాలంటే నొప్పి లేదు, చీమ కుట్టినట్టుండేది. ఆ బల్ల మీద కదలకుండా పడుకోవడమే నరకం. ఒకసారి రెండు చేతులకీ రెండు కాళ్లకీ సూదులు గుచ్చి, దీపం తగ్గించి, "శాంతి సే లేటో" అని డాక్టరమ్మ వెళ్లిపోయింది. అప్పుడొచ్చింది ఒక దోమ. నెమ్మదిగా వచ్చి, నా ముక్కు కొస మీద వాలింది. చెయ్యి ఎత్తకూడదు, తల తిప్పకూడదు. పెదవి వంచి ఉఫ్ అని ఊదాను. లేచి చెవి దగ్గర పాట పాడి మళ్లీ అక్కడే వాలింది. బయట ఎవడో కారు అడ్డం పెట్టాడని ఇంకెవడో ఆపకుండా హారన్ కొడుతున్నాడు. టేప్‌రికార్డర్లో నీళ్లు పారుతున్నాయి. ఆ దోమ నా రక్తం తాగుతుంటే కళ్లారా చూస్తూ, తెనాలి నుంచి ఢిల్లీ దాకా నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. డాక్టరమ్మ వచ్చి నాడి పట్టుకుని, "ఇంత శాంతిగా పడుకున్నా ఇంకా ఎందుకిలా కొట్టుకుంటోంది?" అని ఆశ్చర్యపోయింది.

అన్నిటికంటే కష్టమైన పథ్యం ఇంకొకటుంది. కుడిచేత్తో ఏదీ లాగకూడదు, కొట్టకూడదు, విసరకూడదు. తలుపులన్నీ ఎడంచేత్తో వెయ్యాలి. నా ఎడంచేతికి కోప్పడ్డం రాదు. ఎంత కసిగా వేసినా వ్యాను తలుపు బుద్ధిగా, మెత్తగా మూసుకునేది. మొదటి రోజు డ్రైవరు భయ్యా వెనక్కి తిరిగి భయం భయంగా "దీదీ, తబియత్ తో ఠీక్ హై నా?" అన్నాడు. ఒంట్లో బాగుందా అట! ఠీక్ లేదు. సొరుగు లాగడానికి లేదు, ఫోను విసరడానికి లేదు. అంతవరకూ చేతిలోంచి జారిపోయే కోపమంతా దారిలేక గొంతులోకి వచ్చి కూర్చుంది. వారం వారం పేరుకుపోతోంది. మే నెల దగ్గరికొస్తోంది. చెయ్యి ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. బాబాయి మాత్రం ఆఫీసులో రోజూ "ఇంప్రూవింగ్, సర్" అని నివేదిస్తున్నాడు.

ఏప్రిల్ చివర్లో ఒక మీటింగు. గది నిండా జనం. నేను పట్టుకున్న తప్పులన్నీ తెర మీద చూపిస్తున్నారు. మేనేజరు కుర్చీ వెనక్కి వాల్చి, "యే సబ్ హమారీ మద్రాసీ నే నికాలా హై. ఇడ్లీ కీ తాకత్!" అన్నాడు. ఇడ్లీ బలమనగానే అందరూ నవ్వారు. నవ్వుదామని నేనూ పెదవులు సాగదీశాను, సాగలేదు. బల్ల గుద్దుదామని కుడిచెయ్యి ఎత్తాను, మోచెయ్యి కలుక్కుమంది. ఇక మిగిలింది నోరే.

"సర్, ఇంకో బగ్ ఉంది. అది ఇందులో ఎక్కించలేదు" అన్నాను లేచి నిలబడి.

"కౌన్‌సా?"

"నా పేరు. నేను చేరిన రోజు నుంచి తప్పు వస్తోంది. మీ ప్రోగ్రాములో ఒక అక్షరం తేడా వస్తే నేను చెప్తాను, మీరు సాయంత్రానికి దిద్దిస్తారు. ఇది ఏడాది దాటింది. నాది మద్రాసు కాదు, తెనాలి. నేను మద్రాసీని కాను, నాకొక పేరుంది. దయచేసి దీన్ని హై ప్రయారిటీలో వేసుకోండి."

హిందీ, ఇంగ్లీషు, మధ్యలో ఒకటి రెండు తెలుగు మాటలు కూడా దొర్లాయనుకుంటాను. నా గొంతు గోడలకి తగిలి నాకే వినబడింది. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. మేనేజరు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "సారీ," అని నా పేరు పలికాడు. దీర్ఘాలూ పొల్లులూ అన్నీ తప్పే, కానీ పేరు నాదే. "నెక్స్ట్ పాయింట్" అన్నాడు. అంతే. ఏడాదిపాటు నేను మింగిన విషం రెండు నిమిషాల పని! అప్పుడొచ్చింది నా మీద నాకు అసలైన కోపం. ఇంటికెళ్లేదాకా వ్యానులో కుమిలిపోయాను. ఆ రాత్రి మాత్రం చాలా నెలల తర్వాత ఒళ్లెరగకుండా నిద్రపోయాను.

అది జరిగిన కొన్నాళ్లకే ఒక పొద్దున దోసె పెనం తీసి స్టవ్వు మీద పెట్టాను. పిన్ని కెవ్వుమంది. "ఏ చేత్తో తీశావే?" కుడిచేత్తో! నేను గమనించనేలేదు. ఆ వారం సాకేత్ వెళ్లి డాక్టరమ్మతో జరిగిందంతా చెప్పాను. మీరు కోపం వద్దన్నారు, నేను గది దద్దరిల్లేలా కోప్పడ్డాను అని. ఆవిడ మొహం చిట్లించి నాడి పట్టుకుంది. ఒకసారి చూసింది, చెయ్యి మార్చి ఇంకోసారి చూసింది. తర్వాత ప్రశాంతంగా నవ్వి, "దేఖా? జడీబూటీ కామ్ కర్ రహీ హై" అంది. మూలికలు పనిచేస్తున్నాయట, చూశారా అన్యాయం! బాబాయి పై అధికారి తన సిఫార్సు ఫలించిందన్నాడు. పిన్ని ఎప్పుడో వేసిన ఆవపిండి కట్టు ఇప్పుడు పనిచేసిందంది. మూడు నెలలు చప్పిడి తిన్నది నేను, పేరు మాత్రం అందరిదీ.

ఏమైతేనేం, కాయలొచ్చే వేళకి చెయ్యి చేతిలా ఉంది. డాక్టరమ్మ కూడా "నొప్పి వస్తే ఆపెయ్, లేకపోతే కొట్టుకో" అంది. పార్కింగులో దుప్పట్లు పరిచారు. బ్యాంకు అంకుల్ తళతళలాడే కొత్త కత్తితో తయారుగా ఉన్నాడు. నేను పిన్ని కత్తి పట్టుకుని మెట్లు దిగుతుంటే మామ్మగారు "వచ్చింది మా తల్లి! జరగండర్రా" అంది. మొగుళ్లూ పెళ్లాలూ పిల్లలూ చుట్టూ చేరారు. నేను పీట మీద కూర్చుని, కొంగు బిగించి, మొదటి కాయ పెట్టి, అలవాటు ప్రకారం మేనేజరు మొహం తలుచుకున్నాను. కుర్చీ ముందుకి జరుపుకుని "సారీ" అన్న మొహమే గుర్తొచ్చింది. పోనీ పాలవాడిని తలుచుకున్నాను. పాపం, ఈమధ్య వాడి పిల్లకి జ్వరం. బ్యాంకు అంకుల్ ఉన్నాడుగా అనుకుని ఆయన వైపు చూశాను. ఆయన నోరు వెళ్లబెట్టి, నిజంగానే నా దెబ్బ కోసం చిన్నపిల్లాడిలా ఎదురుచూస్తున్నాడు. చేతిలో ఉన్నది ఉత్త మామిడికాయ. దెబ్బ వేశాను. కండ ఒక పక్కకి, టెంక ఒక పక్కకి పోయాయి. ఇంకోటి పెట్టాను. అదీ అంతే.

పిన్ని వంగి నా చెవిలో అడిగింది. "ఏమైందే నీ చేతికి?"

"తగ్గిపోయింది పిన్నీ" అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

లేచి పీట బ్యాంకు అంకుల్‌కి ఇచ్చేశాను. ఆయన నన్నొక మాట కూడా అనకుండా కూర్చుని బస్తా అంతా కొట్టాడు, బాగానే కొట్టాడు. (ఆయనకి ఎవరి మీద అంత కోపమో నేనడగలేదు.) నేను పిల్లలతో కూర్చుని జీళ్లు తీసి ముక్కలు తుడిచాను. ఆ ఏడు ఆవకాయ బాగా కుదిరిందని అందరూ అన్నారు.

మోచెయ్యి మళ్లీ ఎప్పుడూ నొప్పెట్టలేదు. బాబాయి రిటైరై ఊరెళ్లేటప్పుడు పిన్ని ఆ కత్తి నాకిచ్చింది. నోయిడాలో మా ఫ్లాటు వంటింటి అలమరాలో, అదే పాత చీరలో ఉంటుంది. ఇప్పుడు ముక్కలు మండీలోనే కొట్టించుకొస్తున్నాం. ఆ డాక్టరమ్మ ఇవాళ నా నాడి చూస్తే మురిసిపోతుంది. ఎంత మెత్తగా కొట్టుకుంటుందో! ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ వ్యాను తలుపు బద్దలుకొట్టిన పిల్ల ఎటు పోయిందా అని.

మొన్న మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చింది. క్లాసులో ఎవరో దాని టిఫిను చూసి ఏదో అన్నారట. ఏమన్నారని అడిగితే "ఛోడో మమ్మీ, యూ వోంట్ అండర్‌స్టాండ్" అని గదిలోకి పోయి తలుపు ధడాలున వేసింది. గోడ మీద క్యాలెండరు ఊడి కిందపడింది. మా ఆయన పేపర్లోంచి తలెత్తి, "కోపం తగ్గించుకోమని చెప్పు దానికి" అన్నాడు. నేను క్యాలెండరు తీసి మేకుకి తగిలిస్తూ ఏ నెలలో ఉన్నామో చూశాను. ఒక్కటే దెబ్బ, తలుపు ఇంకా అదురుతోంది. మంచి చెయ్యి. ముందు దాని గదిలోకి వెళ్లి, వాళ్లేమన్నారో దాని నోటితోనే చెప్పించుకోవాలి. అయితే అంతకంటే ముందే, పాడుబుద్ధి, మా ఆయనతో అనేశాను: "ఈసారి కాయలు ఇంట్లోనే కొట్టుకుందామండీ."